ఐటిఐలో చేర్చాలనుకునేవాళ్లకు ఒక ఫిట్టర్ అయ్యవారి మాట

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజులకు తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి గేటు చప్పుడు మొదలవుతుంది. చంద్రగిరి నుంచో, పాకాల నుంచో, ఏర్పేడు నుంచో ఒక తండ్రి వస్తాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మార్కుల మెమో. మంచినీళ్లు తాగీ తాగకముందే అడిగే మాట ఒకటే. "సార్, ఏ ట్రేడుకు డిమాండు ఉండాది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "పిల్లోడు యాడ?" చాలాసార్లు పిల్లోడు రాడు. ఇంట్లో నిద్రపోతా ఉంటాడు, లేదంటే సిగ్గుపడి వీధి మలుపులోనే నిలబడిపోయి ఉంటాడు. "పోయి వాణ్ణి పిల్చుకోని రాప్పా, రెండేళ్లు ఆడ నిలబడాల్సింది వాడు కదా" అంటాను.

ఐటిఐలో నేర్పే ఒక్కో పనిని ట్రేడు అంటారు. నేను 1979లో ఫిట్టర్ ట్రేడులో, అంటే ఇనప భాగాలను కొలతకు కోసి బిగించే పనిలో చేరాను. రెండేళ్ల ఐటిఐ (ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్) చదువు, ఆపైన ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్, కొన్నాళ్లు మద్రాసు లేత్ షాపుల్లో పని, గిండీలోని అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ. 1988 నుంచి 2019లో రిటైరయ్యేదాకా మన జిల్లాలోని ప్రభుత్వ ఐటిఐల్లో పాఠం చెప్పాను. నా ఎదుట మొదటిసారి ఆకురాయి (ఇనుమును అరగదీసే పనిముట్టు) పట్టిన పిల్లలు మూడు వందలకు పైనే. గేటు దగ్గర ఒక్కొక్కరికీ చెప్పే మాటల్ని అందరికీ అందేలా ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇది ఏ రకం బడో ముందు తెలుసుకోండి

ఐటిఐ అంటే చదువు రానివాళ్లు పోయే చోటు అనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఈ బడి ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు అలా అనరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే సమయానికి, 1945 జులైలో, సైన్యం నుంచి తిరిగొచ్చేవాళ్లకు బతుకుదెరువు చూపించడానికి ఢిల్లీలో ఒక డైరెక్టరేటు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఫ్యాక్టరీలు, ఆనకట్టలు, రైల్వే షాపులు కట్టుకోవాలంటే ఇంజినీర్లు మాత్రమే చాలరని, గీత గీసినట్టు ఇనుమును కోసి బిగించగల చేతులు కావాలని గుర్తించి, 1950లో అదే డైరెక్టరేటు కింద క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ మొదలుపెట్టారు. ఆ స్కీము కింద వచ్చినవే ఐటిఐలు. 1956లో రోజువారీ నిర్వహణను రాష్ట్రాలకు అప్పగించారు. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదీ అదే.

ఈ చరిత్రలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. భవనం, ఇన్‌స్ట్రక్టరు రాష్ట్రానివి. సిలబసు, పరీక్ష, సర్టిఫికెట్ కేంద్రానివి. అందుకే తిరుపతిలో ఫిట్టర్ చదివిన పిల్లవాడూ లూధియానాలో చదివినవాడూ ఒకే పుస్తకం చదువుతారు, ఒకే పరీక్ష రాస్తారు. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ అనే ఆ కాగితం పట్టుకుని శ్రీహరికోటలోనైనా గుజరాత్‌లోనైనా నిలబడవచ్చు.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. 2022లో మార్చిన సిలబసు ప్రకారం మొదటి ఏడాది 1,200 గంటల శిక్షణ. అందులో 840 గంటలు ప్రాక్టికల్. థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. ఇవి కాక 150 గంటలు బయట ఏదైనా పనిచోట నేర్చుకోవాలి. అంటే పదో తరగతి దాకా బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు ఇకమీదట రోజులో ఎక్కువభాగం నిలబడే ఉంటాడు. కొందరికి ఇది శిక్షలా అనిపిస్తుంది. కొందరికి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. మీవాడు ఈ ఇద్దరిలో ఎవరో చేర్చకముందే తేలాలి.

షాపులో నిలబెట్టి చూడండి

అప్లికేషన్ పెట్టకముందే, బడి నడిచే రోజున పిల్లవాణ్ణో పిల్లనో వెంటబెట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఐటిఐకి వెళ్లండి. తిరుపతిలో ఉంది, చిత్తూరులో ఉంది, శ్రీకాళహస్తిలో ఉంది. ఆఫీసులో ప్రిన్సిపాల్ గారిని అడిగి షాపులోకి వెళ్లండి. పని జరిగే చోటును మేం షాపు అనే అంటాం. పూట నిలబడితే చాలు, నోటీసు బోర్డులో దొరకని సంగతులన్నీ అక్కడ కనిపిస్తాయి. ఇనప ముక్కను బిగించి పట్టే వైసులన్నీ పనిచేస్తున్నాయా, పిల్లల చేతుల్లో పనిముట్లు ఉన్నాయా లేక ఒకడు చేస్తుంటే పదిమంది చూస్తున్నారా, ఇన్‌స్ట్రక్టరు ఎక్కడ నిలబడ్డాడు, డ్రిల్లింగ్ మిషను చుట్టూ నేల శుభ్రంగా ఉందా. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ చప్పుడులో, ఆ నూనె వాసనలో మీ పిల్లవాడి ముఖం ఎలా ఉందో చూడండి. వాడు వెనక్కు జరుగుతున్నాడా, ముందుకు వంగి చూస్తున్నాడా?

మా ఇంటికి వచ్చిన పిల్లలకు నేనొక చిన్న పని ఇస్తాను. వరండాలో ఒక వైసు బిగించి ఉంది. అందులో రెండంగుళాల ఇనప ముక్క పెట్టి, చేతికి ఆకురాయి ఇచ్చి, "దీని అంచు చదును చెయ్యి నాయనా" అని పక్కకు వచ్చేస్తాను. పది నిమిషాల తర్వాత పోయి ముక్కను చూడను, పిల్లవాణ్ణి చూస్తాను. చెమట పట్టినా ఆపకుండా మధ్యమధ్యలో వేలితో తడిమి చూసుకుంటూ ఉంటే వాడికి ఈ దారి సరిపోతుంది. ముక్క ఎంత వంకరగా వచ్చినా పర్వాలేదు, అది నేర్పగలం. తడిమి చూసుకోవాలనే ఆ ఆరాటం పుట్టించడం మాత్రం కష్టం.

ఫిట్టర్‌లో మొదటి నెలలు ఎలా ఉంటాయో చెబితే మీకు అర్థమవుతుంది. గీత గీయడం, పంచి కొట్టడం, హ్యాక్సాతో కోయడం, ఆకురాయితో రుద్దడం. రోజుల తరబడి అదే. వైసు ఎత్తు మోచేతికి సరిపోవాలి. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక. ముందుకు తోసేటప్పుడే బరువు, వెనక్కు లాగేటప్పుడు బరువు తీసేయాలి. కొత్తవాళ్లు ఆకురాయిని ఊయలలా ఊపుతారు, దాంతో ముక్క మధ్యలో ఉబ్బి అంచులు దిగిపోతాయి. మూలమట్టం ఆనించి కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే, ఎక్కడ తేడా ఉంటే అక్కడ సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత పోయేదాకా రుద్దాలి. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇంటికొచ్చి "నాయనా, వీళ్లు ఏమీ నేర్పడంలే, ఇనుము రుద్దిస్తా ఉండారు" అని చెబుతారు. అప్పుడు తల్లిదండ్రులు ఓపిక పట్టాలి. ఆ వెలుగు గీత పోగొట్టే పనిలోనే కన్నూ చెయ్యీ ఒకటవుతాయి. తర్వాత వెర్నియర్ కాలిపర్ ఇస్తాం. దాని మీద 0.02 మిల్లీమీటరు చదవాలి, అంటే తలవెంట్రుక మందంలో సుమారు మూడో నాలుగో వంతు. ఒక ముక్కకు గాడి, రెండో ముక్కకు నాలుక కోసి, రెండూ ఒకదాంట్లో ఒకటి జారి కూర్చునేలా చేసే జాబ్ వస్తుంది. చేసి చూపించాల్సిన ముక్కను మేం జాబ్ అంటాం. అది మొదటిసారి టక్కున కూర్చున్నప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ముప్పై ఒక్క ఏళ్లు నేను ఆ చప్పుడు కోసమే పనికి వెళ్లాను.

ట్రేడు ఎంపిక

డిమాండు ఏ ట్రేడుకు అనే ప్రశ్నకు నా జవాబు: మనవైపు ఫిట్టర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ పని దొరకని రోజు నేను చూడలేదు. రెండూ రెండేళ్ల కోర్సులే. శ్రీసిటీలోనూ, రేణిగుంట చుట్టుపక్కలా, కరకంబాడిలోనూ ఫ్యాక్టరీలున్నాయి. అయితే ఒక తేడా గమనించండి. అక్కడ లైను మీద నిలబడి వస్తువులు జతచేసే పనికి ఐటిఐ లేనివాళ్లనూ తీసుకుంటారు. మిషను ఆగిపోయినప్పుడు పిలిచేది మెయింటెనెన్స్ మనిషిని. ఐటిఐ చదివిన పిల్లవాడు ఆ రెండో చోటు కోసం చూడాలి. మొదటి నెల జీతం కాస్త ఎక్కువని లైను పనిలో కుదిరి, రెండేళ్లు నేర్చిన విద్యను మరిచిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎలక్ట్రీషియన్‌లో వైరు జాయింట్లతో మొదలై, ఇంటి వైరింగు, ఎర్తింగు, మోటారు వైండింగు దాకా పోతుంది. మన పడమటి మండలాల్లో బోర్లు లేని ఊరు లేదు, మోటారు కాలని వేసవి లేదు. ఉద్యోగం రాకపోయినా రివైండింగు తెలిసిన చెయ్యి ఊళ్లోనే బతుకుతుంది. కరెంటు శాఖలో లైన్‌మన్ స్థాయి ఉద్యోగాలకూ ఈ ట్రేడు ఒక దారి. 2019లో సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించి చూశారు. ఎత్తంటే కళ్లు తిరిగే పిల్లవాణ్ణి లైన్‌మన్ అవుతాడని ఈ ట్రేడులో వేయొద్దు. మోటార్ల వైపు మళ్లించండి.

వెల్డర్ ఏడాది కోర్సు, ఎనిమిది పాసైనా చేరవచ్చు. ఇంటికి త్వరగా సంపాదన కావాల్సిన పిల్లలకు మంచిది, కానీ కళ్లద్దం పెట్టుకునే క్రమశిక్షణ లేనివాడికి వద్దు. డీజిల్ మెకానిక్ కూడా ఏడాదే, ఆర్టీసీ డిపోలు, ట్రాక్టరు షెడ్లు చూసుకుని చేరాలి. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు, గీతలో నిదానం ఉన్న పిల్లలకు.

కోపా గురించి ఒక్కమాట. కంప్యూటరు ట్రేడు, ఏడాది. ఏసీ గదిలో కూర్చోవచ్చని చాలామంది దీనివైపు పోతారు. పాకాల వైపు నుంచి ఒక తల్లి కొడుకును తీసుకొచ్చింది. "మావోడు కోపా చేస్తానంటా ఉండాడు సార్" అంది. ఇంట్లో మిక్సీ పాడైతే ఎవరు చూస్తారని అడిగాను. "వాడే. వీధిలో వాళ్లవి గూడా ఇప్పేస్తాడు, మళ్లీ బిగిస్తాడు" అని ఆమె నవ్వింది. ఆ పిల్లవాడు తలొంచుకుని, ఫ్రెండ్సందరూ కోపా అంటున్నారని చెప్పాడు. ఎలక్ట్రీషియన్‌లో చేరాడు. ఇప్పుడు సొంత వైండింగు షాపు పెట్టుకున్నాడు. ఫ్రెండు చేరాడని ట్రేడు ఎంచుకోవడం నేను చూసిన తప్పుల్లో మొదటిది.

ఆడపిల్లల్ని కోపాకో కుట్టుపనికో మాత్రమే పంపాలని అనుకోకండి. సీట్లలో మూడోవంతు వాళ్లకు రిజర్వేషన్ ఉంది. నా క్లాసులో ఒక ఏడాది ఇద్దరమ్మాయిలు ఫిట్టర్‌లో చేరారు. వాళ్ల జాబ్‌ల ఫినిషింగు మగపిల్లలకు చూపించి "ఇట్టా రావాల" అని చెప్పేవాణ్ణి. మీరు అడగాల్సింది వేరే ఉంది. షాపు దగ్గర ఆడపిల్లలకు వేరే బాత్రూము, బట్టలు మార్చుకునే గది ఉన్నాయా, సాయంత్రం బస్సు ఎన్నింటికి. ఈ రెండూ కళ్లారా చూసి చేర్చండి.

ఐటిఐ కాకుండా ఇంకో తలుపు

లెక్కలు బాగా వచ్చి, ఇంజినీరింగు మీద కోరిక ఉన్న పిల్లవాడైతే పాలిసెట్ రాయించి మూడేళ్ల డిప్లొమాలో చేర్చండి. తిరుపతిలో ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లలకు టిటిడి వారి శ్రీపద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది, కుప్పంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఇప్పుడు ఐటిఐలో చేరినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు. ఐటిఐ మంచి మార్కులతో ముగించినవాళ్లు డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి ఉంది, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ఇంటర్మీడియట్‌లోనే ఒకేషనల్ గ్రూపులున్నాయి. ఎంఎల్‌టి (ల్యాబు టెక్నీషియన్), ఎంపిహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త), అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్, క్రాప్ ప్రొడక్షన్ లాంటివి. ఆసుపత్రి ల్యాబు పని మీద మనసున్న పిల్లలకు ఎంఎల్‌టి మంచిది. కానీ తర్వాత సైన్సు డిగ్రీకో ఇంజినీరింగుకో పోవాలనుకుంటే మామూలు సైన్సు గ్రూపు పాఠాల లోటు తీర్చే బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా రాయాలి. చేరే రోజే బ్రిడ్జి కోర్సుకు పేరిచ్చారా అని అడగండి. రెండేళ్లయ్యాక తెలుసుకుని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు.

ఇక బొమ్మలు గీసే పిల్లలు. నోటుబుక్కు వెనక పేజీల్లో దేవుళ్ల బొమ్మలు గీసే పిల్లవాడు ఇంట్లో ఉంటే, మన తిరుపతిలోనే టిటిడి 1960లో పెట్టిన సంప్రదాయ ఆలయ నిర్మాణ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. పది పాసైతే చాలు. ఆలయ నిర్మాణం, శిలా శిల్పం, సుధా శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం, సంప్రదాయ వర్ణచిత్రం, వీటిలో నాలుగేళ్ల డిప్లొమా. కలంకారీలో రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు. చేరిన విద్యార్థి పేరిట టిటిడి లక్ష రూపాయలు డిపాజిట్ చేసి, చదువు ముగిశాక ఆ సొమ్ము చేతికిస్తుంది, పనిముట్లు కొనుక్కుని నిలదొక్కుకోవడానికి. ఇంత దగ్గర ఉండి దీని పేరు వినని తల్లిదండ్రులు మన జిల్లాలో ఎందరో. శిల్పి ఉలి పట్టుకున్నా ఫిట్టర్ ఆకురాయి పట్టుకున్నా చేతికి కావాల్సిన నిదానం ఒకటేనని నేను నమ్ముతాను.

కాగితాలు, అప్లికేషన్

అప్లికేషన్ ఆన్‌లైన్‌లో, రాష్ట్ర ఐటిఐ వెబ్‌సైటులో. సీటు పదో తరగతి మార్కుల మీద, రిజర్వేషన్ల ప్రకారం వస్తుంది. సర్టిఫికెట్లు ప్రభుత్వ ఐటిఐలో చూపించుకోవాలి. మొదటి విడతలో కోరిన ట్రేడు రాకపోతే మిగిలిన సీటుకు తొందరపడి చేరిపోవద్దు. తర్వాతి విడతలు ఉంటాయి. నోటీసు బోర్డు చూస్తూ ఉండండి, ఊరు దూరమైతే ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. వయసు 14 నిండాలి.

సిద్ధం చేసుకోవాల్సినవి: పదో తరగతి మెమో, టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్. స్టడీ సర్టిఫికెట్ల దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. రెండు మూడు బడులు మారిన పిల్లలైతే వేసవిలోనే ఆ బడులకు తిరిగి తెచ్చుకోండి, జూన్‌లో హెడ్మాస్టర్లు దొరకరు.

పేరు అక్షరం అక్షరం పోల్చండి. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడికి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. పుట్టిన తేదీలోనూ ఒక అంకె తేడా. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, నేనూ చూడలేదు. నాలుగేళ్ల తర్వాత ఉద్యోగానికి ఎంపికై, వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయాడు. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ రోజుల్లో వాడి ముఖం చూసినప్పుడల్లా, క్లాసు టీచరుగా నేను ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది కదా అనిపించేది. ఆ తర్వాత ప్రతి బ్యాచికీ మొదటి వారంలోనే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టించి చూసేవాణ్ణి. పదో తరగతి మెమోయే మూలం. దానికి తగ్గట్టు ఆధార్‌ను సరిచేయించుకోండి.

ప్రైవేటు ఐటిఐలో చేర్చాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. గుర్తింపు ఒక్కో ట్రేడుకు విడిగా ఇస్తారు. బోర్డు మీద "గవర్నమెంటు గుర్తింపు పొందినది" అని రాసి ఉన్నా మీరు చేరే ట్రేడుకు ఉందో లేదో వేరే చూడాలి. ఐటిఐల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ప్రతి ఐటిఐకీ ఒక కోడు ఉంటుంది. మొదటి అక్షరం జి అయితే ప్రభుత్వానిది, పి అయితే ప్రైవేటుది. ఆ కోడుతో వెతికి మీ ట్రేడు పేరు కనిపిస్తేనే డబ్బు కట్టండి. "క్లాసుకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే కవరు సర్దుకుని లేచి వచ్చేయండి. ఇలాంటి మాట చెప్పిన ఒక చోట చేరిన పిల్లవాడు సర్టిఫికెట్ తెచ్చుకుని, మైక్రోమీటరు చేతికిస్తే ఎటు తిప్పాలో తెలియక నా ఎదుటే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

చేరాక

మొదటి రోజు కొనాల్సింది మంచి బూట్లు. ఫోను తర్వాత. తోలు బూటు, ముందు గట్టిగా ఉన్నది. చెప్పులతో షాపులోకి రానివ్వని ఇన్‌స్ట్రక్టరు మీద కోపం తెచ్చుకోవద్దు.

ఉంగరం, చేతికి దారం, మెడలో గొలుసు, వదులు చొక్కా, ఇవేవీ తిరిగే మిషను దగ్గర ఉండకూడదు. అమ్మాయిలు జడను టోపీలోకి దోపుకోవాలి. మనవైపు కొండకు పోయొచ్చాక కట్టుకున్న దారం తీయమంటే పిల్లలు బాధపడతారు, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఒక ఏడాది నేను తీయమని గట్టిగా చెప్పలేకపోయాను. డ్రిల్లింగ్ మిషను దగ్గర ఆ దారం చిక్కుకుని ఒక పిల్లవాడి వేలు విరిగింది. చెయ్యి మిగిలింది, దేవుడి దయ. ఆ సాయంత్రం వాళ్లింటికి పోయి వాళ్ల నాయన ఎదుట నిలబడ్డాను. ఆయన ఒక్క మాటా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది. దయచేసి ఇంట్లోనే చెప్పి పంపండి. దారం దేవుడి పటం దగ్గర పెట్టి, సాయంత్రం మళ్లీ కట్టుకోవచ్చు.

హాజరు 80 శాతం తప్పనిసరి. ప్రాక్టికల్‌లో పాసు మార్కు 60 శాతం, మిగతా పేపర్లకు 33. ఈ తేడా చూస్తేనే ఈ బడి దేన్ని అడుగుతుందో తెలుస్తుంది. థియరీ పరీక్ష కంప్యూటరు మీద, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతి. గిండీలోనే ఉన్న నిమి సంస్థ పుస్తకాలు వేస్తుంది. భారత్ స్కిల్స్ పోర్టల్లో ప్రశ్నల బ్యాంకులు ఉచితంగా దొరుకుతాయి. రోజుకు ఇరవై ప్రశ్నలు చేసినా చాలు. రోజూ చేసిన జాబ్ డైరీలో గీసి, కొలతలు రాసి, సంతకం పెట్టించుకోవాలి. చివరి నెలలో పక్కవాడి డైరీ చూసి రాసేవాళ్లకు ప్రాక్టికల్ పరీక్షలో డ్రాయింగు చదవడం రాదు.

అప్రెంటిస్ చేశాకే చదువు ముగిసినట్టు

ఐటిఐ పాసవగానే ఉద్యోగంలో చేరిపోవాలని తొందరపడతారు. ఇంటి పరిస్థితి నాకు తెలుసు, కానీ ఒక్క ఏడాది ఆగమని బతిమాలుతాను. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలు శిక్షణ ఇవ్వాలి, స్టైపెండూ ఇవ్వాలి. 2019 నిబంధనల్లో ఐటిఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయలు అని పెట్టారు. ఏడాది చేసి పరీక్ష రాస్తే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వేలో అప్రెంటిస్ చేసినవాళ్లకు లెవెల్-1 (మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం కోటా ఉంది. తిరుపతిలో రైల్వే బోగీల మరమ్మతు షాపు మన కళ్లెదుటే ఉంది. రైల్వే అప్రెంటిస్‌కు పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కుల శాతం, ఐటిఐ మార్కుల శాతం కలిపి సగటు చూస్తారు. ఐటిఐలో చేరాక మార్కులతో పనేముందని అనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలనే కోరిక ఉంటే, కళ్లు మాత్రం చేరకముందే పరీక్ష చేయించండి. ఆ ఉద్యోగానికి చూపు ప్రమాణం చాలా గట్టిది, రంగులు సరిగా కనిపించకపోతే తీసుకోరు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో టెక్నీషియన్ ఉద్యోగాలకు అడిగేదీ పది, ఐటిఐ సర్టిఫికెట్లే.

అప్రెంటిస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుని ఆర్టీసీ, రైల్వే, ఫ్యాక్టరీలు అన్నిటికీ పెట్టుకోండి. చేరిన చోట కాంట్రాక్టు పోర్టల్లో నమోదైందో లేదో మొదటి నెలలోనే చూసుకోవాలి. నా శిష్యుడొకడు ఒక కంపెనీలో ఏడాదంతా అట్టపెట్టెలకు స్టిక్కర్లు అంటించాడు. అప్రెంటిస్ అని చెప్పి తీసుకున్నారు గానీ ఎక్కడా నమోదు చేయలేదు. ఏడాది పోయింది, పరీక్ష రాయనివ్వలేదు. ట్రేడుకు సంబంధం లేని పని చేయిస్తుంటే రెండో నెలలోనే పాత ఇన్‌స్ట్రక్టరుకు ఫోన్ చేయండి. రిటైరైనా సరే, మేం ఫోన్ ఎత్తుతాం.

సర్టిఫికెట్ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తుంది. దించుకున్న రోజే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ట్రేడు పేరు మెమోతో పోల్చండి. తేడా ఉంటే చదివిన ఐటిఐలోనే అర్జీ ఇవ్వాలి, ఆలస్యమైతే అక్కడి రికార్డులు వెతికేవాళ్లు మారిపోతారు. మూడు ప్రింట్లు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో పెట్టండి. పదో తరగతి ఒరిజినల్ మెమోకు మాత్రం ఎవరు చెప్పినా లామినేషన్ చేయించకండి.